పెన్షన్ సంగతి క్లినిక్‌లో ఎందుకు అడగాలి? – ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్ సమాధానం

నీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. గోదావరి మధ్య లంక ఊళ్ళో విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే క్లినిక్ నడిపే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌గా, చేరి ఆర్నెల్లయింది, రోజుకి ముప్పై నలభై మంది వస్తారు, సగం మంది బీపీ చూపించుకుంటూనే పెన్షన్ ఎందుకు ఆగిందో రైస్ కార్డులో పేరెందుకు పోయిందో అడుగుతారు, నేనేమో గ్రామ సచివాలయానికి వెళ్ళమంటున్నా, మీటింగుల్లో మాత్రం వైద్యం సంక్షేమం కలిపి చెయ్యాలంటారు, ఎలాగో ఎవరూ చెప్పరు, అసలిది నా పనేనా... ఇదే కదా నువ్వడిగింది. నువ్వు అంటున్నానని ఏమనుకోకు, మా చిన్నమ్మాయి ఈడుదానివి.

నేను 1987లో కోనసీమలో ఏఎన్ఎంగా చేరాను, 2023లో సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను, మధ్యలో ఓ మూడేళ్ళు భీమవరం వైపు చేశాను గానీ మిగతా సర్వీసంతా ఏటిగట్టు మీదా పడవల మీదా గడిచిపోయింది.

సూటిగా చెప్తా. ఫారం నింపడం నీ పని కాదు. అడగడం నీ పని, అడిగింది చీటీ మీద రాసి పంపడం నీ పని, ఆ చీటీ ఏమైందో మళ్ళీ కనుక్కోవడం నీ పని. ఈ మూడోది ఎవరూ చెయ్యరు, అందుకే మొదటి రెండూ చేసినా ఫలితం కనబడదు.

ఒక పెద్దావిడ సంగతి చెప్తా. 2021లో అనుకుంటా, అరవై ఆరేళ్ళు ఉంటాయి, భర్త పోయాడు, కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. 104 బండి, అదే ఊరూరా తిరిగే వైద్యం వ్యాను, వచ్చిన ప్రతిసారీ వస్తుంది, ప్రతిసారీ బీపీ 170 పైనే. ఆమ్లోడిపిన్ 5 వేసుకుంటోంది, డాక్టర్ గారు 10 చేశారు. నెల తిరక్కుండా రెండు పాదాలూ వాచిపోయాయి. నా దగ్గరికొచ్చి చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి చూపించి, ‘బోదకాలు వచ్చేసిందమ్మా, దీనికి పింఛను ఇత్తారంట గదా, నా పేరు రాయండి’ అంది. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ వాపు ఆ మాత్ర వల్ల, డోసు పెంచితే కొందరికి పాదాలు వాస్తాయి. మన డెల్టాలో ఏ కాలు వాచినా ముందు బోదకాలే గుర్తొస్తుంది, తప్పు లేదు, ఏటా ఫైలేరియా మాత్రలు మింగించిన చేతులే ఇవి. పైగా బోదకాలు పెన్షన్ నిజంగానే ఉంది, రెండు కాళ్ళూ నాలుగో గ్రేడ్‌లో ఉన్నవాళ్ళకి.

నవ్వాపుకుని ఊరికే అడిగాను, నిన్న ఏం తిన్నావు పిన్నీ అని. గంజి, ఆవకాయ బద్ద. మొన్న? ఎండు మెత్తళ్ళు. అటు మొన్న? మళ్ళీ ఆవకాయ. రేషన్ బియ్యం ఉన్నాయి, కూర కొనడానికి చేతిలో రూపాయి లేదు. అంటే మనిషి రోజూ తినేది ఉప్పే, మేమేమో మాత్ర డోసు పెంచుకుంటూ పోయాం. ఏడాదిన్నరగా బీపీ చూస్తున్నా, తిండి మాట ఒక్కసారైనా అడగలేదు, నాకే సిగ్గేసింది.

మరి వితంతు పెన్షన్ ఏమైంది? అప్పట్లో 2250 ఇచ్చేవారు. అప్లై చేసిందట, రాలేదట, ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదట. నేనే సచివాలయంలో పెన్షన్లు చూసే వెల్ఫేర్ అసిస్టెంట్ అబ్బాయిని కూర్చోబెట్టి చూపించమన్నాను. హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఏ ఇంట్లో ఎవరున్నారో ప్రభుత్వం రాసుకున్న లెక్కలో, ఆవిడ కొడుకుతో కలిసి ఉంది, కొడుకు ఇన్‌కం టాక్స్ కడతాడు, కాబట్టి ఇనెలిజిబుల్. కంప్యూటర్ లెక్కలో తల్లీకొడుకులు ఒకే ఇంట్లో ఒకే కంచంలో తింటున్నారు, లంకలో చూస్తే ఆవిడ ఒక్కత్తే గంజి తాగుతోంది. ఆ అబ్బాయి చెడ్డవాడేం కాదు, రోజుకి యాభై రిజెక్షన్లు చూస్తాడు, స్క్రీన్ మీద కారణం కనబడుతుంది, ఆ కారణం వెనకాల మనిషి కనబడదు. నాకేమో మనిషి కనబడుతుంది, కారణం కనబడదు. ఇద్దరం ఒకే సచివాలయం బిల్డింగులో ఇరవై అడుగుల దూరంలో కూర్చునేవాళ్ళం.

సంక్రాంతికి కొడుకు ఊరొస్తే పట్టుకుని వేలిముద్ర వేయించి మ్యాపింగ్ విడదీయించేసరికి మొత్తం మీద ఏడు నెలలు పట్టింది. పెన్షన్ వచ్చాక కూరలు కొనుక్కుంది, ఎండు చేపలు తగ్గించింది, డాక్టర్ గారు మాత్ర మళ్ళీ 5కి దించారు, పాదాల వాపు పోయింది. ఒక్క పెన్షన్ వల్లే బీపీ దిగిందని అనను, ఆకలేసినవాడికి ఉప్పు తగ్గించమని చెప్పడం మాత్రం దండగ మాట.

అందుకే రెండో ప్రశ్న అంటాను నేను. మొదటిది అందరూ అడిగేదే, మాత్రలు వేసుకుంటున్నావా అని. రెండోది ‘పూట ఎలా గడుస్తోంది’ అని. దీనికి యాప్ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు.

ఇక ఈ కలపడం అనేది ఎందుకు జరగడం లేదో కొంచెం చెప్పాలి. 2019 అక్టోబర్ 2న మన పక్కనే కరపలో సచివాలయాలు మొదలుపెట్టారు, సుమారు రెండు వేల మంది జనాభాకి ఒకటి, ఏఎన్ఎం, వెల్ఫేర్ అసిస్టెంట్, డిజిటల్ అసిస్టెంట్ అందరూ ఒక్క చోటే. 2023 ఏప్రిల్ నుంచి ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి వచ్చింది, పీహెచ్‌సీ నుంచి ఒక డాక్టర్ 104 బండిలో నెలకి రెండుసార్లు నీ క్లినిక్‌కి రావాలి. చూడ్డానికి అన్నీ ఉన్నాయి. కానీ నీ రిపోర్టు పీహెచ్‌సీ డాక్టర్ గారికి పోతుంది, వెల్ఫేర్ అబ్బాయిది ఎంపీడీఓ ఆఫీసుకి, అంగన్‌వాడీ టీచర్‌ది వాళ్ళ పై అధికారి సీడీపీఓకి, టీబీ వాళ్ళది ఇంకో పోర్టల్‌కి. సాయంత్రం నలుగురూ ఒకే పడవలో రేవు దాటి ఇళ్ళకి పోతారు, నలుగురి దగ్గరా ఒకే ఇంటి సమాచారం నాలుగు ముక్కలుగా ఉంటుంది. ఆభా అని హెల్త్ ఐడీ నంబర్ వచ్చింది కదా అంటావేమో, 14 అంకెలు, మంచిదే, వైద్యం రికార్డులకి పనికొస్తుంది, కానీ వెల్ఫేర్ అబ్బాయి వెతికేది రైస్ కార్డు నంబర్, ఆధార్. నేను చేసిన చిన్న పని ఏంటంటే ఎన్‌సీడీ రిజిస్టర్, అదే బీపీ షుగర్ వాళ్ళ రిజిస్టర్, మార్జిన్‌లో ప్రతి పేరు పక్కన రైస్ కార్డు చివరి నాలుగు అంకెలు పెన్సిల్‌తో రాసేదాన్ని. పైనుంచి ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు.

అక్కడి నుంచి లిస్టులు పక్కపక్కన పెట్టడం మొదలైంది. పెన్షన్ లిస్టు వెల్ఫేర్ అసిస్టెంట్ దగ్గర ఉంటుంది, అరవై దాటినవాళ్ళు, వితంతువులు, వికలాంగులు, మత్స్యకారులు, గీత కార్మికులు, డయాలసిస్ వాళ్ళు. నీ దగ్గర బీపీ షుగర్ లిస్టు ఉంటుంది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని ఒకళ్ళు పేరు చదవడం ఒకళ్ళు టిక్ పెట్టడం, అంతే. పెన్షన్ ఉండి నీ రిజిస్టర్‌లో లేనివాళ్ళు అంటే బీపీ ఎప్పుడూ చూపించుకోని ముసలివాళ్ళు, వాళ్ళ ఇంటికి నువ్వెళ్ళాలి. నీ రిజిస్టర్‌లో ఉండి పెన్షన్ లేనివాళ్ళలో అరవై దాటినవాళ్ళు ఎవరు, భర్త పోయినవాళ్ళు ఎవరు, పక్షవాతం వచ్చి మంచం పట్టినవాళ్ళు ఎవరు, ఆ పేర్లు ఆ అబ్బాయి చూడాలి. మా ఊళ్ళో మొదటిసారి చేసినప్పుడు రెండు వైపులా ఎంతమంది తేలారో చూసి ఇద్దరం నోరెళ్ళబెట్టాం.

ఒకటో తారీఖుని వదులుకోకు. 2024 జులై నుంచి సచివాలయం సిబ్బందే ఇంటింటికీ వెళ్ళి పెన్షన్ ఇస్తున్నారు కదా, వృద్ధులకి వితంతువులకి 4000, వికలాంగులకి 6000, డయాలసిస్ వాళ్ళకి 10,000, పూర్తిగా మంచం మీదో వీల్‌చెయిర్‌లోనో ఉన్నవాళ్ళకి 15,000. ఆ రోజు పొద్దున్నే ముసలివాళ్ళందరూ ఇంటి దగ్గరే ఉంటారు, కొబ్బరి తోటకీ పోరు, రొయ్యల చెరువుకీ పోరు, కూతురింటికీ పోరు. నీ ఆశా వర్కర్‌ని బీపీ మిషన్ ఇచ్చి వాళ్ళ వెనకాల పంపు. కానీ ఒక్క జాగ్రత్త, బీపీ చూపించుకుంటేనే డబ్బులు అని ఎవరూ అనకూడదు, సరదాకి కూడా అనకూడదు. బ్రెజిల్‌లో 2003 నుంచి పేద కుటుంబాలకి నెలనెలా డబ్బులిచ్చే పథకంలో పిల్లలకి టీకాలు, గర్భిణులకి చెకప్‌లు షరతుగా పెట్టారు, అక్కడ ఊరూరా ఇంటింటికీ తిరిగే హెల్త్ వర్కర్లు ఉన్నారు కాబట్టి నడిచింది. మన దగ్గర షరతు పెడితే ఎవరో ఒకరు దాన్నే కర్రగా వాడి ముసలమ్మ డబ్బు ఆపుతారు. నా అభిప్రాయం నాది.

ఇప్పుడు దింపు కార్మికుడి సంగతి. ఇది కొంచెం పెద్దది. 2020 వర్షాకాలంలో కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి జారి పడ్డాడు, ముప్పై ఎనిమిదేళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు. వెన్నుపూస విరిగింది. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ ఫ్రీగా అయింది, అప్పుడు ఆరోగ్య ఆసరా అని కొత్తగా వచ్చింది, ఆపరేషన్ తర్వాత రెస్టులో ఉన్న రోజులకి రోజుకి 225, నెలకి 5000 మించకుండా, అది కూడా అకౌంట్‌లో పడింది. కాగితం మీద చూస్తే అన్నీ సవ్యంగా జరిగాయి. కానీ నడుం కింద స్పర్శ లేదు, యూరిన్ పైపు పెట్టి ఇంటికి పంపించారు, పంపిన సంగతి పీహెచ్‌సీకి ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పింది ఎవరో తెలుసా, పాలబ్బాయి. డిశ్చార్జ్ అయిన మూడు వారాలకి నేను వెళ్ళేసరికి నడుం దగ్గర పడక పుండు అరచెయ్యంత, వాళ్ళావిడ పసుపు అద్ది గుడ్డ కట్టింది. పక్కకి తిప్పి పడుకోబెట్టాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, రెండు గంటలకోసారి తిప్పు అంటే ‘మరి కూలికెవరు ఎల్తారండి’ అంది. సమాధానం నా దగ్గర లేదు.

డ్రెస్సింగ్ వారానికి మూడుసార్లు మేం చూసుకున్నాం. మిగతాదంతా కాగితాల పని. వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఉంటేగాని పెన్షన్ లేదు, స్లాట్ బుక్ చెయ్యాలి, మంచం మీదున్న మనిషిని పడవలో రేవు దాటించి అక్కడి నుంచి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మొదటిసారి వెళ్తే సంబంధిత డాక్టర్ ఆ రోజు రాలేదు, ఏ ఆసుపత్రో చెప్పను. మళ్ళీ అదే పడవ, అదే ఆటో, నలుగురు మనుషుల కూలి, పుండు మళ్ళీ చిట్లింది. ఆ తర్వాత నుంచి నేను నేర్చుకున్నది, స్లాట్ ముందు రోజు సాయంత్రం ఆసుపత్రిలో మనకి తెలిసిన స్టాఫ్ నర్సుకి ఒక్క ఫోన్ చెయ్యడం, రేపు ఆర్థో గారు ఉన్నారా అని. ఒక్క ఫోన్ కాల్ అమ్మా, వెయ్యి రూపాయల ఖర్చు తప్పుతుంది. వైద్యం సంక్షేమం కలపడమంటే పెద్దవాళ్ళు ఏమేం అనుకుంటారో గానీ నా మట్టుకి చాలాసార్లు అది ఈ ఫోన్ కాలే.

ఇందులో ఇంకో బాధ. ప్రధాన్ మంత్రి సురక్షా బీమా అని ఉంది కదా, అప్పుడు ఏడాదికి 12 రూపాయలు, 2022 జూన్ నుంచి 20, ప్రమాదంలో చనిపోయినా రెండు కాళ్ళూ పూర్తిగా పనికిరాకుండా పోయినా 2 లక్షలు. అతని పాస్‌బుక్ తిరగేశాను, 2018లో 12 కట్ అయింది, 2019లో అయింది, 2020 మేలో లేదు. కరోనా లాక్‌డౌన్, పని లేదు, మే నెలాఖరున అకౌంట్‌లో పన్నెండు రూపాయలు లేవు. జూన్ 1తో కవర్ పోయింది, రెండు నెలలకి చెట్టు మీంచి పడ్డాడు. ఇప్పటికీ మే నెల వస్తే నేను వీధిలో దింపు వాళ్ళు, వలుపు వాళ్ళు, గీత వాళ్ళు ఎవరు కనబడినా అకౌంట్‌లో ఓ యాభై వేసుంచుకో అని చెప్తా, నన్ను బ్యాంకు ఏజెంట్ అనుకుంటున్నారు. నీ క్లినిక్‌కి చెట్లెక్కే మనిషి ఒంటినొప్పులని వస్తే పారాసెటమాల్ ఇస్తూ ఈ మాట అడుగు. కొబ్బరి బోర్డు వాళ్ళది చెట్లెక్కేవాళ్ళ కోసమే ‘కేర సురక్ష’ అని ఇంకో బీమా ఉంది, దాని పేరు మన వైపు చాలామంది వినను కూడా లేదు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి, నువ్వు చెయ్యకూడదు కాబట్టి. 2020 మొదట్లో, రొయ్యల షెడ్డుకి వ్యానులో పనికెళ్ళే ఒకావిడకి టీబీ. టీబీ వాళ్ళకి పోషకాహారం కోసం అప్పుడు నెలకి 500, 2024 నవంబర్ నుంచి వెయ్యి చేశారు. ఆమె డబ్బు పడటం లేదు, ఆధార్ బ్యాంకుకి లింకు కాలేదు. నేను మంచి చేస్తున్నాననుకుని చీటీ రాశాను, పేరు, ఇంటి నంబర్, ‘టీబీ పేషెంట్, పోషణ డబ్బు రావడం లేదు, లింకు చేయగలరు’ అని. ఆ చీటీ సచివాలయంలో టేబుల్ మీద రెండు రోజులు అలా తెరిచి ఉంది. మూడో రోజు పొద్దున వ్యాను ఆమె ఇంటి ముందు ఆగలేదు. మందులు మొదలెట్టి రెండు నెలలు దాటింది, అంటుకునే దశ ఎప్పుడో దాటింది, ఆ మాట ఎవరికి చెప్తావు? కూలి పోయింది. జీతంలో ఈఎస్ఐ అని, కార్మికుల బీమాకి, నెలనెలా కోసేవారు, కానీ ఇన్సూరెన్స్ నంబర్ మాత్రం చేతికి ఇవ్వలేదు. ఆ నంబరే ఉంటే జబ్బు సెలవు కింద 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వచ్చేది, రెండేళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళకైతే టీబీ లాంటి జబ్బులకి 80 శాతం చొప్పున ఇంకా ఎక్కువ కాలం. నంబర్ తేలేసరికి ఆమె ఆర్నెల్ల కోర్సే అయిపోయింది.

అప్పటి నుంచి నా చీటీ మీద జబ్బు పేరు ఉండదు. రైస్ కార్డు చివరి నాలుగు అంకెలు, ఏం కావాలి, తారీఖు, నా సంతకం. ‘బ్యాంకు ఆధార్ లింకు’ అంతే. ఎందుకు అని అడిగితే చెప్పక్కర్లేదు. చీటీ రెండు కాపీలు, కార్బన్ పెట్టి రాసేదాన్ని, ఒకటి నా దగ్గర మేకుకి గుచ్చి ఉండేది, పని అయ్యాకే తీసేదాన్ని. నువ్వు ఫోన్‌లో ఫోటో తీసుకో, కానీ వాట్సాప్ గ్రూప్‌లో మాత్రం పెట్టకు, ఆ గ్రూపుల్లో ఎవరెవరు ఉంటారో మనకే తెలీదు.

టైం ఎక్కడిది అంటావు. నిజమే, నలభై మందిని చూసి ఆన్‌లైన్ ఎంట్రీలు చేసేసరికే చీకటి పడుతుంది. అందరినీ అడగొద్దు. బీపీ షుగర్ మూడు నెలలుగా దిగనివాళ్ళు, మందులకి రావడం మానేసినవాళ్ళు, కొత్తగా డిశ్చార్జ్ అయి వచ్చినవాళ్ళు, గర్భిణుల్లో బరువు పెరగనివాళ్ళు, వీళ్ళనే అడుగు, రోజుకి ఇద్దరు ముగ్గురు తేలతారు. చీటీల మాట వారానికి ఒక్కసారి, 104 వచ్చే వారంలో డాక్టర్ గారు ఉండగానే వెల్ఫేర్ అబ్బాయిని పిలిచి పావుగంట మాట్లాడుకోండి. డాక్టర్ గారు ముందుంటే పని కొంచెం తొందరగా అవుతుంది, అది మన దేశ ధర్మం, ఏం చేస్తాం.

ఈ లిస్టుల వల్ల ఉపయోగం నాకు పూర్తిగా అర్థమైంది 2022 జులై వరదలో. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరికే 17.75 లక్షల క్యూసెక్కులు, అప్పుడు 25 లక్షలు దాటి వదిలారు. లంకలన్నీ మునిగాయి. రెవెన్యూ వాళ్ళు పడవలు పట్టుకొచ్చి ముందు ఎవరిని తీసుకురమ్మంటారు అని అడిగారు. మా దగ్గర అప్పటికే ఒకే కాగితం ఉంది, మంచం మీదున్నవాళ్ళు, ఇన్సులిన్ వాళ్ళు, డయాలసిస్ వాళ్ళు, ఆ నెలలో డెలివరీ అయ్యేవాళ్ళు, ఏ వీధి, ఏ మెరక. వరద కోసం రాసుకున్నది కాదు, పెన్షన్ల కోసం రాసుకున్నది. దింపు అతన్ని మొదటి ట్రిప్పులోనే మడత మంచంతో సహా ఎక్కించాం.

అతనికి పుండు మానింది, ఇప్పుడు వీల్‌చెయిర్‌లో అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలతో చీపుళ్ళు కడుతున్నాడు. 2025 జనవరిలో 15 వేల పెన్షన్ వాళ్ళ ఇళ్ళకి డాక్టర్లు తనిఖీకి వచ్చారు కదా, అతని భార్య ఆపరేషన్ కాగితాలు, సదరం, డ్రెస్సింగ్ చీటీలు అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి దూలానికి వేలాడదీసింది, అది తీసి ముందు పెట్టిందట. ఆ కవర్ అలవాటు నేను చేయించిందే, వరదొచ్చినా తడవదని.

నువ్వు ముందు చెయ్యాల్సింది, మీ వెల్ఫేర్ అసిస్టెంట్ ఎవరో కనుక్కుని ఈ వారమే పెన్షన్ లిస్టు ప్రింట్ అడుగు, ఇవ్వనంటే చదివి వినిపించమను, నువ్వు టిక్ పెట్టుకో. మ్యాపింగ్ విడదీయడం, కార్డు స్ప్లిట్, కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళ పిల్లల కార్డులు, అదంతా ఇంకో పెద్ద గోల, అడిగితే విడిగా రాస్తా. ఇక్కడ ఉరుములు మొదలయ్యాయి, కరెంటు పోయేలా ఉంది.